పాముకాటు పరిశోధనకు నిధుల దరఖాస్తు: ములుగు, భూపాలపల్లి జిల్లాల నుంచి ఒక కేస్ స్టడీ

వైద్య పరిశోధనకు నిధులు రెండు దారుల్లో వస్తాయి. మొదటి దారిలో ప్రశ్న మనదే. మనకు తోచిన అంశం మీద ప్రతిపాదన రాసి పంపితే, సంస్థకు నచ్చితే నిధులిస్తుంది. రెండో దారిలో ప్రశ్న నిధులిచ్చే సంస్థది. ఫలానా సమస్యకు ఫలానా రకం సమాధానం కావాలని ప్రకటన ఇచ్చి, ఆ పని చేయగలవారిని పిలుస్తుంది. దీనినే కమిషన్డ్ రీసెర్చ్ అంటున్నారు. వరంగల్‌లోని ఒక వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగంలో పనిచేస్తున్న నేను, నా సహచరులు కలిసి ఇటువంటి ప్రకటనకు రెండుసార్లు దరఖాస్తు చేశాం. మొదటిసారి తిరస్కరించారు, మరుసటి ఏడాది అదే అంశం మీద మళ్లీ పిలిచినప్పుడు మంజూరు చేశారు. ఈ రెండింటి మధ్య మా దరఖాస్తులో ఏవేవి మారాయో, ఎందుకు మార్చవలసి వచ్చిందో నమోదు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. సంస్థ పేరు, కళాశాల పేరు ఈ చర్చకు అవసరం లేదు కనుక ఇవ్వడం లేదు.

ప్రకటనలో ఉన్నది, మేము చదివింది

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసి, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ తరువాత వచ్చిన ప్రకటన ఇది. మూడు పేజీల ప్రకటనలో అసలు ప్రశ్న ఒక్క పేరాలోనే ఉంది. పాము కరిచిన మనిషి యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) దొరికే చోటికి చేరడంలో జరుగుతున్న ఆలస్యాన్ని, ఇప్పటికే ఉన్న ప్రభుత్వ వైద్య వ్యవస్థ ద్వారానే తగ్గించే ఒక అమలు విధానాన్ని తయారుచేసి, కనీసం రెండు జిల్లాల్లో పరీక్షించి, దానికయ్యే ఖర్చుతో సహా నివేదించాలి. రాష్ట్ర ఆరోగ్య శాఖ భాగస్వామ్యం తప్పనిసరి. గడువు రెండేళ్లు.

ఇందులో అస్పష్టత ఏమీ లేదు. అయినా మేము దీన్ని సరిగా చదవలేదు. మా దగ్గర బోధనాసుపత్రి కేస్ షీట్లు ఏళ్ల తరబడివి ఉన్నాయి. రక్తపింజరి కాటుతో మూత్రపిండాలు దెబ్బతిన్న రోగుల మీద ఒక పీజీ విద్యార్థి థీసిస్ అప్పటికే పూర్తయింది. ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చినవారిలో డయాలసిస్ అవసరం ఎంత ఎక్కువగా ఉందో చూపే పథకం రాసి, దానికి 'ఆలస్యం' అన్న మాట శీర్షికలో పెట్టి పంపాం. అంటే, వారడిగిన ప్రశ్నకు మా బీరువాలో సిద్ధంగా ఉన్న జవాబును తొడిగాం.

పన్నెండు పేజీల దరఖాస్తులో దాదాపు సగం నేపథ్యమే. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది చనిపోయారన్న అంచనా అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చిన సంగతీ ఉంది. ఇవన్నీ నిజాలే. కాని ఆ నిజాలు తెలిసే వారు డబ్బు పక్కన పెట్టి ప్రకటన ఇచ్చారు. ప్రశ్న మనదైతే అది ఎందుకు ముఖ్యమో వాదించి ఒప్పించాలి. ప్రశ్న వారిదైనప్పుడు ఆ వాదన అక్కరలేదు, ఆ పేజీలను 'ఎలా' అన్నదానికి ఖర్చు చేయాలి. ఈ తేడా తెలియడానికి మాకు ఒక ఏడాది పట్టింది.

తిరస్కరణ లేఖతో ముగ్గురు సమీక్షకుల వ్యాఖ్యలు వచ్చాయి. ఇద్దరివి మర్యాదగా, పొడిగా ఉన్నాయి. మూడవవారు మాత్రం, ఈ అధ్యయనం పూర్తయ్యాక ఏ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఏ ఉద్యోగి ఏ పనిని వేరుగా చేస్తారో చెప్పాలని అడిగారు. మా దరఖాస్తు మొత్తం వెతికినా పీహెచ్‌సీ అన్న మాట రెండే చోట్ల కనిపించింది, రెండూ నేపథ్యంలోనే.

గూడెంలో కాలం లెక్క

రెండోసారి ప్రకటన రాకముందే, జూలైలో, మేము ములుగు జిల్లాలోని తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వెళ్లడం మొదలుపెట్టాం. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు సుమారు 100 కిలోమీటర్లు. వానాకాలంలో జంపన్నవాగు పొంగితే కొన్ని ఊళ్లకు దారే ఉండదు. పాముకాట్లు ఎక్కువయ్యేదీ ఆ నెలల్లోనే, నాట్లు, కలుపు పనులు సాగేదీ అప్పుడే. కాబట్టి ఆలస్యాన్ని కిలోమీటర్లలో కొలిస్తే ప్రయోజనం లేదని మొదటి రోజే తెలిసింది.

రెండో రోజు తెలిసింది అంతకంటే ఇబ్బందికరమైన సంగతి. మేము కొలవబోయేది కాటు పడినప్పటి నుంచి మొదటి డోసు ఎక్కేదాకా పట్టిన సమయం. ఒక పీహెచ్‌సీలో రిజిస్టర్ తెరిచి చూస్తే తేదీ ఉంది, పేరు ఉంది, ఊరు ఉంది, గంట రాసే గడి లేదు. గోడ మీద గడియారం నాలుగు గంటల పది నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. అక్కడి స్టాఫ్ నర్సు, రోగి వచ్చిన సమయం ఫోన్‌లో చూసి చెప్పగలనని, రాయడానికే చోటు లేదని అన్నారు. ఆమె మాట పూర్తిగా న్యాయం.

ఇక కాటు పడిన సమయం సంగతి. ఒక కోయగూడెంలో, ముందటేడు పాముకాటు నుంచి బయటపడిన ఒక రైతు ఇంటి ముందు కూర్చుని, కాటు పడింది ఎన్ని గంటలకో అడిగాను. అతనికంటే ముందు అతని తండ్రి జవాబిచ్చాడు: "పాము కరిస్తే గడియారం జూస్తమా సారూ? ఆఖరి బస్సు పోయింది, అప్పుడు కరిచింది. కోడి కూసేటాల్లకు దవాఖానల ఉన్నం." నేను ఆ మాటను నోట్‌బుక్‌లో యథాతథంగా రాసుకున్నాను. అక్కడి నుంచి మా ప్రశ్నావళి మారిపోయింది. గంట అడగడం మానేసి, మొదటి బస్సు, బడి గంట, పశువులు ఇంటికి మళ్లే వేళ, ఆఖరి బస్సు, కోడికూత వంటి గుర్తులతో ప్రతి ఊరికీ ఒక పట్టిక తయారుచేసి, ఆ గుర్తుల వాస్తవ సమయాలను ఆశ కార్యకర్తలతో సరిచూసి, వాటి మధ్య కాటును నిలబెట్టే పద్ధతి రాశాం. రెండో దరఖాస్తులో జ్ఞాపక దోషం (గుర్తు తెచ్చుకుని చెప్పే సమయం తప్పిపోవడం) గురించి సమీక్షకులు అడగలేదు. అడగకముందే ఒక పేజీ జవాబు, ఒక నమూనా పట్టికతో సహా, అందులో ఉంది.

కట్లపాము విషయంలో ఈ పద్ధతి కూడా పనిచేయదు. అది రాత్రి నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది, గాటు చాలాసార్లు కనిపించదు, నొప్పి ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, రెప్పలు వాలిపోతూనో లేస్తారు. ఇటువంటి కేసుల్లో లెక్కను మొదటి లక్షణం కనబడినప్పటి నుంచి మొదలుపెట్టి, విశ్లేషణలో వాటిని వేరుగా చూపుతామని ముందుగానే నిర్ణయించి రాశాం. ప్రధాన ఫలితాన్ని నిర్వచించేటప్పుడు ఇలాంటి మినహాయింపులను దాచకుండా రాయడం వల్ల దరఖాస్తు బలహీనంగా కనబడుతుందని మా బృందంలో ఒకరు అభ్యంతరం చెప్పారు. నా అనుభవంలో అది తిరగబడింది. సమీక్షకుల్లో వైద్యులు ఉంటారు, కట్లపాము సంగతి వారికి తెలుసు.

పీహెచ్‌సీల్లో వినబడిన మరో మాట భయం. యాంటీవీనమ్ ఎక్కించగానే కొందరికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది, రక్తపోటు పడిపోతుంది. అప్పుడు అడ్రినలిన్ ఇచ్చి నిలబెట్టాలి. ఒంటరిగా ఉన్న యువ మెడికల్ ఆఫీసర్ ఆ పరిస్థితిని ఊహించుకుని, సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నా, రోగిని పైకి రిఫర్ చేస్తారు. ఆలస్యంలో ముందుగా నాటువైద్యుడి దగ్గరికి వెళ్లడం వాటా ఎంతో, ఈ రిఫరల్ వాటా ఎంతో మాకు తెలియదు. అయితే మా అమలు విధానం రెండింటినీ పట్టించుకోవాలని తేలింది. ఊళ్లో ఆశ కార్యకర్త కట్టు బిగించకుండా, గాటు కోయనివ్వకుండా, కరిచిన కాలును కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయించడం. అంబులెన్సు మందున్న చోటికే వెళ్లేలా ప్రతి వారం నిల్వల సమాచారం పంపడం. పీహెచ్‌సీలో, విషం రక్తాన్ని గడ్డకట్టకుండా చేసిందేమో చూసే రక్తం గడ్డకట్టే పరీక్ష చేసి, అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకుని మొదటి డోసు అక్కడే ప్రారంభించి, ఆ తరువాతే పంపడం. మూడవ సమీక్షకుని ప్రశ్నకు ఇదే మా జవాబు. ఏ ఉద్యోగి, ఏ పని, ఇదివరకు ఎలా, ఇకమీద ఎలా అని నాలుగు గడుల పట్టిక ఒకటి దరఖాస్తులో రెండో పేజీలోనే పెట్టాం.

సంఖ్యలు ఒప్పుకోలేదు

మొదటి డ్రాఫ్టులో సగం పీహెచ్‌సీలకు కొత్త విధానం, సగానికి పాతదే అన్నాం. మూడు గంటల్లోగా మందు అందినవారు 40 శాతం ఉంటారని, అది 55 శాతానికి పెరగాలని అనుకుంటే, 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకోగలిగే అవకాశం), 5 శాతం పొరపాటు అవకాశంతో (లేని తేడా ఉందనుకోవడం) ఒక్కో వైపు 170 మంది, మొత్తం 340 మంది చాలని లెక్క తేలింది. సంతోషించాం. మా గణాంక నిపుణురాలు ఆ కాగితం చూసి, మీరు మనుషులకు కాదు, పీహెచ్‌సీలకు విధానం ఇస్తున్నారని గుర్తుచేశారు. ఒకే పీహెచ్‌సీ పరిధిలోని రోగులు ఒకే రోడ్డు, ఒకే డాక్టరు, ఒకే అంబులెన్సు మీద ఆధారపడతారు. వారి ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఒక్కో కేంద్రం నుంచి 10 కేసులు, వాటి మధ్య సారూప్యం (సున్నా అంటే అసలు లేదు, ఒకటి అంటే పూర్తిగా ఒకటే) 0.05 అనుకున్నా, నమూనాను 1.45 రెట్లు చేయాలి. అంటే ఒక్కో వైపు 247 మంది, ఒక్కో వైపు 25 పీహెచ్‌సీలు. ములుగు, భూపాలపల్లి రెండు జిల్లాలూ కలిపినా 50 పీహెచ్‌సీలు లేవు.

జిల్లాలు పెంచితే డబ్బు చాలదు. పైగా, జిల్లా అధికారులతో మాట్లాడినప్పుడు సగం కేంద్రాలకు శిక్షణ ఇచ్చి సగానికి ఇవ్వకపోవడాన్ని వారు ఒప్పుకోలేదు. నాటి నుంచి దశలవారీ పద్ధతికి మారాం. 18 పీహెచ్‌సీలను మూడేసి చొప్పున ఆరు గుంపులు చేసి, ఏ గుంపు ఎప్పుడు మొదలుపెట్టాలో లాటరీ తీసి, చివరికి అన్ని కేంద్రాలకూ విధానం చేరేలా పథకం వేశాం. ప్రతి కేంద్రం తన ముందటి స్థితితోనూ, అదే సమయంలో ఇంకా మొదలుపెట్టని కేంద్రాలతోనూ పోలికకు వస్తుంది కాబట్టి తక్కువ కేంద్రాలతో పని నడుస్తుంది.

ఈ పద్ధతికి పాముకాటులో ఒక చిక్కుంది, రుతువు. మూడు నెలలకొక దశ అని సమానంగా కోస్తే, ఎండాకాలంలో పడిన దశలో లెక్కించడానికి కేసులు చాలవు. వానాకాలంలో పడినదాంట్లో కుప్పలుగా ఉంటాయి. ఒకే దశలో మొదలుపెట్టినవి, పెట్టనివి రెండు రకాల కేంద్రాలూ ఉంటాయి గనుక వాన ప్రభావం రెండు వైపులా సమానంగా పడుతుంది. అయితే మొదటి దశలో, చివరి దశలో అన్నీ ఒకే స్థితిలో ఉంటాయి, అక్కడ ఆ వీలు లేదు. అందుకని గుంపుల మార్పిడిని రెండు వానాకాలాల్లోకి సర్ది, ఎండాకాలాన్ని శిక్షణకు, సామగ్రికి వదిలేశాం. ఇది రాయడానికి మాకు పట్టిన సమయం మిగతా దరఖాస్తు అంతటికీ పట్టినంత. సమీక్షకులు మెచ్చుకున్న ఒకే ఒక్క విభాగం కూడా ఇదే.

డబ్బు పద్దులు

ప్రకటనలో 'ఖర్చుతో సహా' అన్న మాటను మొదటిసారి మేము మా ప్రాజెక్టు బడ్జెట్ అనుకున్నాం. వారడిగింది అమలు విధానాన్ని ప్రభుత్వం రేపు తన డబ్బుతో నడపాలంటే ఎంతవుతుందో చెప్పమని. రెండోసారి ఆరోగ్య ఆర్థికవేత్తను సహ పరిశోధకునిగా చేర్చుకున్నాం. ఆయన రోగి కుటుంబం ఖర్చును కూడా లెక్కలోకి తెచ్చారు: ఆటో కిరాయి, పోయిన కూలి, ఆసుపత్రి దగ్గర తోడున్నవారి భోజనం, నాటువైద్యుడికిచ్చిన కోడి. కోడిని ఏ విలువకు రాయాలన్న విషయం మీద ఒక సాయంత్రమంతా చర్చ జరిగింది. చివరికి ఆ ఊరి అంగడి ధరకు రాయాలని తీర్మానించాం.

మా సొంత బడ్జెట్‌లో ఎక్కువ భాగం సిబ్బంది జీతాలే. ఇక్కడ చిన్న పొరపాటు ఒకటి. కేంద్ర నిబంధనల ప్రకారం వరంగల్ 'వై' తరగతి నగరం, ఇంటి అద్దె భత్యం 20 శాతం. కాని మా క్షేత్ర సిబ్బంది ఉండబోయేది ఏటూరునాగారంలో, అది 'జెడ్' తరగతి, 10 శాతం. దరఖాస్తులో అందరికీ వరంగల్ రేటుతో వేస్తే, మంజూరయ్యాక ఆడిట్‌లో తిరిగి కట్టాలి. దీన్ని పట్టుకున్నది పరిశోధకులెవరూ కాదు, మా అకౌంట్స్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్. వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి) 12-ఎ నమూనాలో ఇవ్వాలని, డబ్బు పీఎఫ్ఎంఎస్‌లో (ప్రభుత్వ నిధుల చెల్లింపులను చూసే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థలో) నమోదైన ఖాతాలోకే వస్తుందని, ఆ ఖాతా మా కళాశాలకు ఏ బ్యాంకులో ఉందో కూడా ఆయనకే తెలుసు. దరఖాస్తు రాయడం మొదలుపెట్టిన రోజే ఈ మనిషి దగ్గరికి వెళ్లాలి. మేము చివరి వారంలో వెళ్లాం.

చిన్న పద్దుల్లో గాజు నాళికల గురించి చెప్పాలి. రక్తం గడ్డకట్టే పరీక్షకు 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు నాళికలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. ప్లాస్టిక్ నాళిక వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా ఫలితం తప్పుతుంది. చాలా పీహెచ్‌సీల్లో ఇప్పుడు ఉన్నవి ప్లాస్టిక్‌వే. ఒక్కో నాళిక వెల కొద్ది రూపాయలే అయినా, ఆ వరుస పక్కన కారణం ఒక్క వాక్యంలో రాశాం. బడ్జెట్ చూసేవారిలో ఆ పరీక్ష తెలియనివారూ ఉంటారు.

ఒక విదేశీ విశ్వవిద్యాలయం వారు భాగస్వామిగా వస్తామన్నారు. విదేశీ భాగస్వామ్యం ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. రెండేళ్ల గడువులో అది తట్టుకోలేమని మర్యాదగా వద్దన్నాం.

అనుమతులు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం గిరిజన ప్రాంతంలో పరిశోధనకు ఎథిక్స్ కమిటీతో పాటు తగిన పరిపాలనాధికారి అనుమతి కూడా ఉండాలి. ఏటూరునాగారం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, ఇద్దరు జిల్లా వైద్యాధికారులకు లేఖలు పెట్టాం. అందులో ఒకరు సంతకం చేసిన మూడు వారాలకు బదిలీ అయ్యారు. మద్దతు లేఖను వ్యక్తి పేరుతో కాక హోదాతో, ఆ కార్యాలయం ఏయే పనులు చేస్తుందో వివరంగా రాయించి, మళ్లీ తెచ్చుకున్నాం. 'పూర్తి సహకారం అందిస్తాం' అని ఉండే లేఖకు విలువ లేదు. 'ప్రతి సోమవారం యాంటీవీనమ్ నిల్వ వివరాలు ఇస్తాం' అని ఉండే లేఖకు ఉంది.

మా ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యునిగా ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, స్పృహ లేని రోగి నుంచి సమ్మతి ఎలా తీసుకుంటారని అడిగారు. కుటుంబ ప్రతినిధి సమ్మతితో మొదలుపెట్టి, రోగి కోలుకున్నాక మళ్లీ అడిగి, వద్దంటే వివరాలు తొలగిస్తామని మార్చాం. సమ్మతి పత్రాన్ని తెలుగులోనే కాక తెలుగు లిపిలో కోయ భాషలోనూ రాయించాం. రాసిచ్చిన ఏఎన్‌ఎం, మా తెలుగు పత్రంలో 'యాదృచ్ఛిక' అన్న మాటకు కోయలో మాట లేదని, తెలుగులో ఉన్నా ఎవరికీ అర్థం కాదని చెప్పి, రెండు చోట్లా 'చిట్టీ తీసి' అని రాశారు. తొలి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేస్తామన్న హామీ కూడా జత చేశాం.

మంజూరు

ఈసారి సమీక్షకుల ముందు పదిహేను నిమిషాలు మాట్లాడవలసి వచ్చింది. నేపథ్యానికి ఒక్క స్లైడు వాడాం. ప్రశ్నలన్నీ అమలు మీదే వచ్చాయి: ఆశల పని పెరిగితే వారికేమిస్తారు, డాక్టరు పోస్టు ఖాళీ అయిన పీహెచ్‌సీని ఏం చేస్తారు, ప్రాజెక్టు అయిపోయాక నిల్వల సమాచారం ఎవరు చూస్తారు. రెండో ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు లేదని ఒప్పుకున్నాం. అటువంటి కేంద్రాలను విశ్లేషణ నుంచి తీసేయబోమని, ఖాళీ కూడా వాస్తవ పరిస్థితిలో భాగమేనని మాత్రం చెప్పాం.

కొన్ని కోతలతో మంజూరు పత్రం వచ్చింది. ట్యాబ్‌లు తగ్గించారు, వాహనం అద్దె తగ్గించారు. 18 గోడ గడియారాలు, ఒక్కొక్కటి 350 రూపాయలు, మొత్తం 6,300 రూపాయలన్న వరుసను పూర్తిగా కొట్టేశారు. పక్కన 'ఆఫీసు సామగ్రి, అనుమతించబడదు' అని ఉంది. పరిశోధనలో కొలిచే ఏకైక వస్తువు సమయమని తిరిగి రాయవచ్చు. దానికి మరో రెండు నెలలు పడుతుందని అకౌంట్స్ అసిస్టెంట్ చెప్పడంతో, ముగ్గురం తలా కొంత వేసుకుని హన్మకొండ చౌరస్తాలో కొన్నాం.

తొలి గుంపులోని ఒక పీహెచ్‌సీలో నర్సు ఆ గడియారాన్ని తన బల్లకు ఎదురుగా తగిలించుకుని, రిజిస్టర్‌లో స్కేలు పెట్టి ఎర్ర సిరాతో రెండు కొత్త గడులు గీసుకుంది. వాటిలో మొదటి నమోదు ఇలా ఉంది. కాటు: ఆఖరి బస్సు పోయినంక. చేరిక: రాత్రి 9.40.